సెల్లార్‌లో ఎత్తు పెరిగిన జీపు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదని మా ఆవిడ అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది జరిగి మరీ అంత కాలం కాలేదు. కానీ ఈలోపల పెళ్లి, ఒక కూతురు, నడుము నొప్పి వరసగా వచ్చి చేరాయి కాబట్టి నా లెక్కలో అవి ఆ రోజులే. ఆ రోజుల్లో నాకు పాతికేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఎంట్రన్సు పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ని. పొద్దున ఆరింటికి సైన్ తీటాతో మొదలుపెడితే సాయంత్రానికి గొంతు పోయేది, చొక్కా నిండా మార్కర్ మరకలుండేవి. నా జీవితంలో సాహసం అంటే బస్సులు ఆగకముందే మెయిన్ రోడ్డు దాటడం ఒక్కటే. పాతికేళ్ల మనిషికి అది చాలదనిపించింది. (ఇప్పుడు అదే చాలా ఎక్కువ అనిపిస్తోంది.)

సరిగ్గా అప్పుడే మా చిన్నాయన జీపు నా చేతికొచ్చింది. చిన్నాయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో చాలా ఏళ్లు వ్యాపారం చేశాడు. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయినప్పుడు “గంత దూరం రోజూ నాతోటి కాదురా” అని వ్యాపారం మానేసి తాళంచెవి నా జేబులో వేశాడు. బత్తాయిలూ మామిడిపండ్లూ మోసీ మోసీ ఆ జీపుకు ఒక వాసన పట్టేసింది. ఎండలో నిలబెడితే లోపల జ్యూస్ సెంటర్ లాగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే ఎక్కడెక్కడి తేనెటీగలూ వచ్చి అద్దం మీద వాలేవి. అయినా అది జీపు. నాకు జీపుంది. ఆ మాట రోజుకు నాలుగుసార్లు నాలో నేను అనుకునేవాణ్ని.

జీపున్నవాడు ఊరికే ఉండడు కదా. ఫోన్లో బండ్లు రాళ్లెక్కే వీడియోలు చూసి చూసి, ఆదివారాలు ఊరి బయట రాళ్లలో, బురదలో బండ్లు తోలేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. చేరిన రోజే అడ్మిన్ నా బండి ఫోటో అడిగాడు. పంపాను. “బ్రో, బండి స్టాక్‌గా ఉంది. ఇట్లొస్తే కష్టం” అన్నాడు. స్టాక్ అంటే కంపెనీ వాడు ఇచ్చింది ఇచ్చినట్టుగా ఉండడమట. అప్పటిదాకా నా జీపుకు అలాంటి లోపం ఉందని నాకు తెలియదు. తెలిసిన దగ్గర్నుంచి దాన్ని చూస్తే జాలేసేది. బండిని నాలుగంగుళాలు పైకి లేపే స్ప్రింగులు, పెద్ద టైర్లు, నీళ్లలోకి దిగితే ఇంజను ఊపిరి పీల్చుకోవడానికి స్నార్కెల్ అనే పైపు, నెత్తిన ఇనుప క్యారియర్, దాని మీద వరసగా లైట్లు: ఇవన్నీ లేకుండా ఇన్నాళ్లూ రోడ్డు మీద ఎలా తిరిగానా అని సిగ్గేసింది. వచ్చే నెల మొదటి ఆదివారం గ్రూపు ట్రిప్పు. ఆ లోపల ఇవన్నీ బిగించే షాపొకటి వెతకాలి.

అప్పుడు నాతో మా నానమ్మ ఉండేది. అమ్మానాన్నలు ఇబ్రహీంపట్నం అవతల మా ఊళ్లో పొలం చూసుకుంటుంటే, నాకు వండిపెట్టడానికి ఆవిడ వచ్చి మా కిరాయి ఫ్లాట్‌లో దిగింది. విషయం చెప్పాను. “ఏడికి పోతవ్ రా గా బండేసుకొని?” అంది. రాళ్ల మీదికి అన్నాను. “రోడ్డు ఉండంగ రాళ్ల మీదికెందుకు పోవుడు?” అంది. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక నాకు అప్పుడు లేదు. (ఇప్పుడు ఓపికుంది, జవాబే లేదు.) నేను లెక్కల మాస్టర్ని కాబట్టి శాస్త్రీయంగా వెళ్దామనుకున్నాను. షాపువాణ్ని అడగాల్సిన పది ప్రశ్నలు ఇంటర్నెట్‌లో వెతికి, ఒక నోటుబుక్కులో గళ్లు గీసి, ప్రశ్నకు పది మార్కుల చొప్పున వందకు పరీక్ష తయారుచేశాను. అనుభవం, పనితనం, గ్యారంటీ, వినియోగదారుడి కలలను అర్థం చేసుకునే గుణం, అలా. ఈ ఉత్సాహం క్లాసులోకి కూడా పాకింది. ఒక జీపు ముప్పై డిగ్రీల వాలు ఎక్కుతున్న బొమ్మ బోర్డు మీద గీసి అరగంట చెప్పాక, మొదటి బెంచీ అమ్మాయి “సార్, ఇది సిలబస్‌లో ఉందా?” అని అడిగింది.

మొదటి షాపు దిల్‌సుఖ్‌నగర్‌లోనే, మా కోచింగ్ సెంటర్ వెనక గల్లీలో. ఆ మంగళవారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి తీసుకెళ్తానని నానమ్మకు మాటిచ్చాను కాబట్టి ఆవిడ కూడా జీపులోనే ఉంది. షాపాయన మెడలో బండి కట్టేసేంత లావు గొలుసు వేసుకున్నాడు. షాపు నిండా తళతళలు. స్నార్కెల్ ఉందా అన్నాను. “ఏ రంగుల కావాలె తమ్మీ?” అన్నాడు. ఎంత లోతు నీళ్లలో పనిచేస్తుందని నోటుబుక్కు తెరిచి గంభీరంగా అడిగాను. ఆయన ఒక పైపు దించి, దాని వెనక అంటించిన టేపు చూపించాడు.

“నీళ్లలకెందుకు పోతవ్ తమ్మీ? గిది షోకు. లోపలికి కనెక్షన్ ఉండది. డబుల్ టేపుతోని అతికిస్తం. రేపు ఇంకో బండి తీసుకుంటే గదే పీకి దానికి పెట్టుకోవచ్చు.”

“అంటే ఉత్త పైపా బిడ్డా?” అని నానమ్మ జీపులోంచి అడిగింది.

“ఉత్త పైపే అమ్మా. కానీ పెట్టినంక సూడు, ఎంత మంచిగుంటదో.”

“వీడు మంచోడు రా,” అంది నానమ్మ నా వైపు తిరిగి. “అడగకముందే ఉన్నదున్నట్టు చెప్పిండు.”

నిజాయితీకి నా పరీక్షలో గడి లేదు. పనితనం దగ్గర సున్నా వేసి బయటపడ్డాను.

రెండో షాపు ఎల్‌బీ నగర్‌లో, విజయవాడ హైవే వైపు. అద్దాల తలుపులు, ఏసీ, గోడ మీద మంచుకొండలెక్కుతున్న జీపులు. యజమాని కోస్తా వైపాయన. లోపల అడుగు పెట్టగానే లేచి నిలబడి “రండి సార్, కూర్చోండి. అమ్మగారూ, మీకు కాఫీయా టీయా అండీ?” అన్నాడు. నానమ్మకు కుర్చీ, నాకు ఒక ట్యాబు ఇచ్చాడు. ట్యాబులో మా జీపు మోడలే గుండ్రంగా తిరుగుతోంది. “మీరు ఎక్కువగా ఏ టెర్రైన్‌లో, అంటే ఎలాంటి నేల మీద నడుపుతారండీ?” అని అడిగాడు. నేను నిజం చెప్పాను: దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం, అప్పుడప్పుడు సరూర్‌నగర్. ఆయన ఏమాత్రం నవ్వకుండా “అంటే మిక్స్‌డ్ టెర్రైన్” అని రాసుకున్నాడు. నా జీవితాన్ని అంత గౌరవంగా ఎవరూ రాసుకోలేదు. అక్కడే సగం పడిపోయాను.

తర్వాత ఆయన ట్యాబు మీద వేలు పెట్టి జరిపాడు. జీపు ఒక అంగుళం లేచింది. “ఇంకొంచెం లేపమంటారా?” అన్నాడు, పంక్తిలో ఇంకొంచెం వడ్డించమంటారా అన్నట్టు. వద్దంటే మర్యాద కాదనిపించింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ జీపు లేచి లేచి, పైన క్యారియరూ లైట్లూ వచ్చి, చివరికి తెరలో పట్టక ఆయన బొమ్మనే చిన్నది చేయాల్సి వచ్చింది. నా పది ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాను. ప్రతిదానికీ ఆయన “డెఫినెట్‌గా అండీ” అన్నాడు. పైగా మేం షాపుకు బండి తేనక్కర్లేదట, వాళ్ల మెకానిక్‌లే ఇంటికొచ్చి బిగించి వెళ్తారట. పదకొండో ప్రశ్న నానమ్మ అడిగింది. “మరి నేనెట్ల ఎక్కాలె?”

ఆయన వెంటనే ట్యాబులో ఇంకోటి నొక్కాడు. బండి పక్కన ఒక మెట్టు వచ్చింది, దాని మీద నిక్కరు తొడుక్కున్న ఒక విదేశీ అమ్మాయి చెంగున ఎక్కి కూర్చుంది. నానమ్మ ఆ బొమ్మను కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“గీ పిల్లెవరు?”

“మోడల్ అండీ.”

“ఈమెకు మోకాళ్ల నొప్పుల్లేవు,” అని ట్యాబు తిరిగిచ్చేసింది.

మూడో షాపును నేను వెతకలేదు. కర్మన్‌ఘాట్‌లో దర్శనం చేసుకుని బయటికొచ్చాక నానమ్మే చూపించింది, గుడికి కొంచెం దూరంలో ఒక రేకుల షెడ్డు. అందులో వెల్డింగ్ చేసుకుంటున్న పెద్దాయన్ని అందరూ మామా అని పిలుస్తున్నారు. నేను నా చిట్టా మొత్తం చదివాను. ఆయన బండి కిందికి వెల్లకిలా దూరాడు. పది నిమిషాలు కాళ్లు మాత్రమే కనిపించాయి. తర్వాత కిందనుంచి గొంతు వినిపించింది.

“బండి ఏడ పెడ్తవ్ సారూ?”

“మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల.”

“సెల్లార్ ఎంత ఎత్తు?”

“మామూలుగనే ఉంటది.”

“కొలిచి రా.”

నాకు ఒళ్లు మండింది. రాళ్ల గురించి, బురద గురించి, నదులు దాటడం గురించి అడుగుతాడనుకుంటే సెల్లార్ గురించి అడుగుతున్నాడు. “నేను రాళ్లెక్కుడుకు అడుగుతున్న మామా, సెల్లార్ దిగుడుకు కాదు” అన్నాను. “రాళ్లెప్పుడో ఒకపారి ఎక్కుతవ్. సెల్లార్ రోజూ దిగుతవ్ గద” అని కిందనుంచే జవాబొచ్చింది. నోటుబుక్కు తీసి, వినియోగదారుడి కలలను అర్థం చేసుకునే గుణం: సున్నా, అని రాశాను. సున్నా చుట్టూ ఇంకో సున్నా కూడా చుట్టాను.

ఆ రాత్రి అన్నం తింటూ ఫలితాలు ప్రకటించాను. ఎల్‌బీ నగర్‌కు డిస్టింక్షన్, మిగతా ఇద్దరూ ఫెయిల్. “నాకైతే గా రేకుల షెడ్డాయన మంచిగనిపిచ్చిండు” అంది నానమ్మ. ఎందుకన్నాను. “బండి కిందికి దూరింది ఆయనొక్కడే” అంది. నేను జాలిగా నవ్వాను.

ట్రిప్పుకు ముందురోజు, శనివారం, నేను క్లాసులో ఉండగా ఎల్‌బీ నగర్ నుంచి ఇద్దరు మెకానిక్‌లు వచ్చి సెల్లార్‌లోనే పని కానిచ్చి వెళ్లారు. సాయంత్రం దిగి చూశాను. నా జీపు కాదది. చక్రాలు నా నడుము దాకా ఉన్నాయి. నెత్తిన ఇనుప క్యారియర్, బోల్టులైతే చప్పుడు చేస్తాయని ఏకంగా వెల్డింగ్ చేసేశారు. దాని మీద ఆరు లైట్లు. నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను (అది ప్రదక్షిణమని నానమ్మ ఇప్పటికీ అంటుంది). సెల్లార్ లోపల కప్పు ఎత్తుగానే ఉంటుంది. బయటికి వెళ్లే ర్యాంపు చివర మాత్రం ఒక బీము అడ్డంగా, కిందికి ఉంటుంది. దానికి పసుపూ నలుపూ చారలు కూడా వేసి ఉన్నాయి. ఆ చారల కింద నుంచి రోజూ పోతూ వస్తూ, అవి అందానికి వేశారనుకున్నాను.

ఆ ఆదివారమే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుగారి అబ్బాయి పెళ్లి. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పెళ్లి ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, ముహూర్తం పదిన్నరకు. గేటు బయట బ్యాండు మేళం సిద్ధంగా నిలబడింది. పెళ్లికొడుకు కోసం గులాబీలతో అలంకరించిన కారు, ఎండకు పూలు వాడిపోకుండా, సెల్లార్‌లో నా జీపు వెనకే పెట్టారు. నేను ఎనిమిదింటికి గ్రూపువాళ్లు పంపిన టీషర్టు తొడుక్కుని దిగాను. దాని మీద ‘దారి లేని చోటే నా దారి’ అని ఉంది. బండి స్టార్ట్ చేసి, ర్యాంపు మీద కొంచెం గట్టిగానే యాక్సిలరేటర్ తొక్కాను.

తర్వాత వచ్చిన చప్పుడు అక్షరాల్లో రాయడం కష్టం. పెద్ద డబ్బాని ఇంకో పెద్ద డబ్బాలోకి కూరినట్టు అనుకోండి. లైట్లు ఆరూ పోయాయి. ఆ వేగానికి జీపు ఒంగి, క్యారియర్ సగం దాకా బీము కిందికి దూరి, మళ్లీ లేవబోయి అక్కడే బిగుసుకుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. కొత్త స్ప్రింగులు కిందనుంచి పైకి నెడుతున్నాయి, బీము పైనుంచి కిందికి నొక్కుతోంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి చూసి, “సార్, బిల్డింగ్ లేస్తదా?” అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే భయపడ్డాడు.

ప్రెసిడెంటుగారు పట్టుపంచెతో వచ్చారు. “బాబూ, మీ బండి కొంచెం తీస్తారా అండీ?” అన్నారు.

“తీస్తున్నానండీ.”

“ఎప్పటికి తీస్తారండీ?”

ఈ ప్రశ్న నా చిట్టాలో లేదు. ఎల్‌బీ నగర్ షాపాయనకు ఫోన్ చేశాను. విషయమంతా విని, “చూశారా అండీ, మన స్ప్రింగు ఎంత స్ట్రాంగో!” అన్నాడు. టీమును పంపమంటే “డెఫినెట్‌గా అండీ, సోమవారం” అన్నాడు. ఎవరో టైర్లలో గాలి తీయమన్నారు. తీశాం. టైరు ఎంత దిగిందో స్ప్రింగు అంత లేచింది, బండి అక్కడే ఉంది. భౌతికశాస్త్రం అంత శ్రద్ధగా పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. మళ్లీ గాలి కొట్టాం. తొమ్మిదైంది. సెల్లార్‌లోని కార్లన్నీ నా వెనక బందీలు. ఆటోలో పోదామని పెళ్లికొడుకు అంటే వాళ్లమ్మగారు “ఆటోలోనా! ఆడపెళ్లివాళ్లు ఏమనుకుంటారురా?” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ కళ్లు చూశాక నాకు నిజంగా భయం పట్టుకుంది. ఒక పెళ్లి నా వల్ల ఆగిపోతే? నాలుగంగుళాల కోసం?

అప్పుడు నానమ్మ మెట్లు దిగి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని బండినీ బీమునూ మార్చి మార్చి చూసింది. “మీ చిన్నాయన బత్తాయి బస్తాలు ఏస్తే గీ బండి నేలకంటేది గద. బరువెయ్యుండ్రి, అదే దిగుతది” అంది. బస్తాలెక్కడివి ఇప్పుడు అన్నాను. నానమ్మ పట్టుబట్టలతో నిలబడ్డ పెళ్లివారి వైపు తిరిగింది. అందులో చాలామంది మంచి పుష్టిగా ఉన్నారు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది. ఎవరూ మర్యాదగా చేయలేని పనిని ఆవిడ తేలిగ్గా మొదలుపెట్టింది. “ఓ పెద్దమనిషీ, నువ్వు రా” అని పెళ్లికొడుకు మేనమామను పిలిచింది. “నేనెందుకండీ?” అన్నారాయన. “నువ్వే కావాలె అయ్యా, నీయసొంటోళ్లు ఇంకిద్దరుంటే సాలు” అంది. జీపు వెనక తలుపు తెరిచి ఆయన్ని ఎక్కించాం. ఎదురెదురు బెంచీల మీద ఒక్కొక్కరే కూర్చోసాగారు. ఒక పిన్నిగారు “అంటే నేను లావుగా ఉన్నాననా మీ ఉద్దేశం?” అని నిలదీశారు. “లావు కాదమ్మా, నిండుగున్నవ్” అంది నానమ్మ, ఆవిడ నవ్వుకుంటూ ఎక్కేశారు. పక్కనే ఒక సన్నటి బాబాయిగారు తనంతట తానే వచ్చి కాలు పైకి పెడితే, “నువ్వొద్దు బిడ్డా, నీ జాగల ఇంకొకలు కూసుంటరు” అని దింపేసింది. ఆయన ఆ అవమానంతో పెళ్లి అయ్యేవరకూ ఎవరితోనూ మాట్లాడలేదని తర్వాత తెలిసింది. వెనక ఎనిమిది మంది పట్టారు. నేను గోడ మీద సుద్దముక్కతో లెక్క వేస్తున్నాను: ఇంత బరువుకు ఇంత దిగితే, మిగిలిన అర అంగుళానికి ఎంత? జవాబు డెబ్బై కిలోలు వచ్చింది. ఖాళీగా ఉన్నది నా పక్క సీటు ఒక్కటే.

“నేను డెబ్బై రెండండీ,” అన్నాడు పెళ్లికొడుకు.

అందరూ వెనక్కి చూశారు. నుదుట బాసికం, బుగ్గన చుక్క, చేతిలో కొబ్బరిబొండాం. అతని కళ్లు జీపు మీదే ఉన్నాయి. పాపం పొద్దుటి నుంచీ ఎక్కాలని అనుకుంటున్నాడేమో, ఎవరూ అవునూ కాదూ అనేలోపలే ఎక్కి కూర్చుని తలుపేసుకున్నాడు. జీపు మూలిగి ఇంకాస్త దిగింది. బీముకూ క్యారియర్‌కూ మధ్య సన్నటి వెలుగు కనిపించింది. “ఎవరూ ఊపిరి పీల్చకండి” అన్నారు ప్రెసిడెంటుగారు. “పీల్చుకోండ్రి, బరువైతరు” అంది నానమ్మ. ఎవరి మాట వినాలో తెలియక లోపల సగం మంది పీల్చారు, సగం మంది వదిలారు. నేను అంగుళం అంగుళం చొప్పున బండి బయటికి తీశాను.

బయటపడ్డామని ఊపిరి తీసుకునేలోపలే ఇంకోటి జరిగింది. పెళ్లికొడుకు ఉన్న బండి గేటు దాటగానే వాయించమని బ్యాండువాళ్లకు ముందే చెప్పి ఉంచారు. వాళ్లకు కారేదో జీపేదో అనవసరం. పెళ్లికొడుకు కనిపించాడు, వాయించారు. బ్యాండు మోగగానే వాచ్‌మన్ అలవాటుగా జీపు ముందు గుమ్మడికాయ పగలగొట్టాడు. ఎవరో హారతిచ్చారు. దిగి కారెక్కమని ప్రెసిడెంటుగారు అరుస్తుంటే పురోహితుడు చెయ్యడ్డం పెట్టారు. “దిష్టి తీశాక బండి మారకూడదండీ. పోనివ్వండి, టైమవుతోంది.” గల్లీ చివరిదాకా బ్యాండు నడిచింది, వెనక నేను, నా పక్కన పెళ్లికొడుకు, వెనక బత్తాయి వాసనలో ఎనిమిది మంది పెద్దలు. ఫోన్ మోగుతూనే ఉంది. “బ్రో, ఎక్కడున్నవ్? రాళ్ల దగ్గరకొచ్చేసినం” అని అడ్మిన్. “పెళ్లి ఊరేగింపులో ఉన్నా” అని పంపాను. అతను నన్ను గ్రూపులోంచి తీసేశాడు. నేను ఎగతాళి చేశాననుకున్నాడు.

నానమ్మ మాత్రం జీపు ఎక్కలేకపోయింది. అందుకని ప్రెసిడెంటుగారు ఆవిడను పూలకారులో కూర్చోబెట్టారు. కొత్తపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆ కారు మమ్మల్ని దాటి ముందుకు పోయింది. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆడపెళ్లివారు హారతి పళ్లెంతో, దండతో, పన్నీరుతో ఎదురుచూస్తున్నారు. పూలకారు ఆగింది. సన్నాయి మొదలైంది. పెళ్లికూతురి తమ్ముడు ఒంగి తలుపు తీశాడు. లోపల్నుంచి నేత చీరతో, నడుముకు చెక్కిన కొంగుతో మా నానమ్మ దిగింది. సన్నాయి ఆగిపోయింది. అందరూ కారులోకి తొంగిచూశారు, డ్రైవరు తప్ప ఎవరూ లేరు. పెళ్లికూతురి తండ్రి ముఖం పాలిపోయిందట. నానమ్మ ఆయన్ని ఓదార్చింది. “పరేషాన్ గాకయ్యా. పిల్లగాడు ఎనక ఒస్తుండు, పండ్ల బండిల.”

మేం చేరేసరికి ఆడపెళ్లివారు మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టారు. అదంతా ముందే అనుకున్న ఏర్పాటని వాళ్ల అభిప్రాయం. జీపు నుంచి దిగడానికి పంచెతో పెళ్లికొడుకు వల్ల కాకపోతే, డెకరేషన్ వాళ్ల నిచ్చెన తెచ్చి వేశారు. అతను నిచ్చెన దిగుతున్న ఫోటో ఆ పెళ్లి ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉంది. నాలుగో పేజీలో అక్షింతలు వేస్తున్న పెద్దల మధ్య ‘దారి లేని చోటే నా దారి’ అన్న టీషర్టులో ఒకడు నిలబడి ఉంటాడు, అది నేను. భోజనం బాగుంది. పూర్ణాలు రెండుసార్లు వేయించుకున్నాను.

మర్నాడు జీపును కర్మన్‌ఘాట్ రేకుల షెడ్డుకు తీసుకెళ్లాను. మామ నన్నూ, ఒంగిపోయిన క్యారియర్‌నూ చూశాడు. లోపలికెళ్లి ఒక కొలత టేపు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను అక్కణ్నుంచే ఆటోలో ఇంటికెళ్లి, బీము కొలిచి తిరిగొచ్చాను. సాయంత్రానికి ఆయన క్యారియర్ కోసేసి, పాత స్ప్రింగులు బిగించి, అడగకపోయినా నానమ్మ కోసం ఒక కాలి మెట్టు వెల్డింగ్ చేశాడు. ఆ మెట్టెక్కి ఆవిడ రెండేళ్లు ప్రతి మంగళవారం గుడికెళ్లింది. ఏ రాయీ ఎక్కకుండానే ఆ జీపు ముసలిదైపోయింది. కూతురు పుట్టాక వెనక బెంచీల మీద పిల్లను కూర్చోబెట్టడం భయమని అమ్మేశాం.

ఇప్పుడు నాకొక చిన్న కారుంది. సీటు ఎంత కిందికి ఉంటుందంటే, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆగితే నాకు కనిపించేది పక్క బస్సు చక్రాలే. అలా ఆగినప్పుడు ఒక్కోసారి ఆ టీషర్టువాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు. వాడు నదులేవీ దాటలేదు, కొండలేవీ ఎక్కలేదు. కానీ ఆ ఆదివారం మెయిన్ రోడ్డు మీదికి తిరిగినప్పుడు వాడికి అంత ఎత్తునుంచి అన్నీ కనిపించాయి: కార్ల కప్పులు, మెట్రో స్తంభాల వరస, దూరంగా స్టేషన్లోకి వంపు తిరుగుతున్న రైలు. పక్కనుంచి పోతున్న ఆంధ్రా బస్సు కిటికీల్లోంచి జనం పెళ్లికొడుకును చూసి నవ్వుతూ చేతులూపారు. పెళ్లికొడుకు ఫోన్ చూసుకుంటున్నాడు, వాళ్లను గమనించలేదు. అతని బదులు నేనే చెయ్యి ఊపాను. వాళ్లు కూడా కాదనలేదు.